తప్పు గోడదని చెప్పాను

స్పీకర్లు బిగించే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఎక్కడైనా కలిస్తే నన్ను ఒకటే అడుగుతారు. "సార్, మీ సర్వీసు మొత్తంలో బెస్ట్ పని ఏది?" అని. దానికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. శామీర్‌పేట దాటాక ఒక విల్లాలో ఇంటి సినిమా గది కట్టిన కథ చెబుతాను. గోడల్లో కనబడకుండా దాచిన స్పీకర్లు, నేల కింద పరిచిన వైర్లు, నెల రోజుల చాకిరీ. వాళ్ళు నోరు తెరుచుకుని వింటారు, నేను మీసం దువ్వుకుంటాను. ఆ గదిలో ఇప్పుడు వానాకాలం బట్టలు ఆరేస్తున్నారన్న సంగతి మాత్రం చెప్పను.

అన్నిటికంటే చెడ్డ పని ఏదని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడగనిది చెప్పడం మర్యాద కాదని ఊరుకుంటూ వచ్చాను. రిటైరై రెండేళ్ళయింది. మర్యాద అని పేరు పెట్టుకుని దాచుకున్నది సిగ్గేనని ఒప్పుకోవడానికి ఇంత కాలం పట్టింది. చెబుతాను, వినండి. నచ్చకపోతే మధ్యలో లేచి వెళ్ళిపోవచ్చు, మా షోరూముకు వచ్చినవాళ్ళలో సగం మంది అలాగే వెళ్ళేవాళ్ళు.

నేను కుత్బుల్లాపూర్ కార్మికుల కాలనీలో పెరిగినవాణ్ణి. మొదట రేడియోలకు ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే ఫ్యాక్టరీలో పనిచేశాను. అది మూతపడ్డాక మేడ్చల్ హైవే పక్కన ఖరీదైన ఆడియో సామాను అమ్మే షోరూములో చేరాను. అమ్మకానికి ముందు వినిపించడం, అమ్మకం తర్వాత ఇంటికి వెళ్ళి బిగించడం, రెండూ నావే. కొత్త ఇంట్లో అడుగు పెట్టగానే హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒకసారి చప్పట్లు కొట్టేవాణ్ణి. ఆ మోత ఎటు పోయి ఎటు తిరిగి వస్తుందో వింటే ఆ గది గుణం తెలిసిపోతుంది. ఒక ఇంటి ముసలమ్మ నేను పావురాలను తోలడానికి వచ్చాననుకుని కిటికీ తెరిచింది కూడా.

మా యజమాని కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. మాట మెత్తన, చెయ్యి గట్టిది. గిరాకీ రాగానే నన్ను చూపించి, "వీరు మా మాస్టారండి. వీరి చెవి బంగారం. సూది పడితే ఏ మూల పడిందో చెప్పేస్తారు" అనేవాడు. నేను వినయంగా తల వంచేవాణ్ణి. లోపల మాత్రం నిజమేగా అనుకునేవాణ్ణి. నాకు ఆ పొగరు బాగా ఉండేది.

షోరూము వెనక గదిలో రిపేరు బల్ల దగ్గర ఒక ఆవిడ కూర్చునేది. నాతోపాటు పాత ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషే. ఆవిడ సోల్డరింగ్ చేస్తే అతుకు ముత్యంలా ఉండేది. నన్ను అన్నా అని పిలిచేది, నేను చెల్లె అనేవాణ్ణి. ఆవిడ భర్తకు ఒక రోజు పొద్దున నిద్ర లేచేసరికి ఒక చెవి వినబడటం మానేసింది. గుబిలి అనుకున్నారు, వెచ్చటి నూనె పోశారు, పది రోజులు చూశారు. తర్వాత డాక్టరు దగ్గరికి వెళితే, "ఇలా ఉన్నట్టుండి చెవి పోయినప్పుడు వెంటనే రావాలమ్మా, మొదటి వారంలో వస్తే మందు పనిచేసేదేమో" అన్నాడట. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నప్పుడు ఈ కథ ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. నాకు కంఠతా వచ్చేసింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నాకు తెలియక చేశానని తప్పించుకునే దారి నాకు లేదు.

ఆ రోజులు షోరూముకు మంచివి కావు. జనం వినే తీరు మారిపోయింది. ఒకప్పుడు మనిషి వచ్చి కుర్చీలో కూర్చుంటే ఒక పాట మొత్తం విని, కళ్ళు తుడుచుకుని, ఇంకోటి పెట్టమనేవాడు. ఇప్పుడొచ్చేవాళ్ళు పాట మొదలై తబలా అందుకునేలోపు ఫోను తీసి, "దీనికి బ్లూటూత్ ఉందా?" అంటారు. అరచేతిలో పట్టే డబ్బా ఒకటి కొనుక్కుని వెళ్ళిపోతారు. నాగారంలో ఒక కొత్త కాలనీ ఇంటికి సర్వీసుకు వెళితే, మేము అమ్మిన పెద్ద స్పీకర్ల మీద మనీప్లాంటు కుండీలు పెట్టుకుని, మొగుడూ పెళ్ళాం చెరో సోఫాలో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నారు. నేను వచ్చింది కూడా వాళ్ళకు వినబడలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది మన బతుకు అని మా షోరూములో రోజుకు రెండుసార్లు అనుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ సామెత నా నోట రాదు.

మూడు నెలలుగా పెద్ద అమ్మకం ఒక్కటి లేదు. షోరూము ఎత్తేసి ఫోను కవర్ల కొట్టు పెడదామని యజమాని నవ్వుతూ అన్నాడు. నవ్వుతూ అన్న మాటే ఎక్కువ భయపెడుతుంది. సరిగ్గా అప్పుడు ఆయన వచ్చాడు.

మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య ఒక ఊరు ఆయనది. అరవై దాటి ఉంటాయి. తెల్ల చొక్కా, భుజాన తువ్వాల. ఊళ్ళో అందరూ పటేలా అంటారట, నేనూ అలాగే పిలిచాను. పక్కన ఆయన భార్య. రియల్ ఎస్టేట్ డబ్బుతో గొప్పకు కొనేవాళ్ళను నేను చాలామందిని చూశాను కాబట్టి ఈయనా ఆ బాపతే అనుకున్నాను. కూర్చోగానే ఆయన చెప్పిన మాట నన్ను కాస్త కదిలించింది.

"మా ఊర్ల శనివారం శనివారం భజన జేస్తం తమ్మీ. ఒక్కో వారం ఒక్కొక్కరి ఇంట్ల. నా చిన్నప్పుడు ముప్పై మంది కూసునేది. ఇప్పుడు తొమ్మిది మందిమి మిగిలినం. పిల్లలంత చెవులల్ల గవి పెట్టుకొని ఎవరిది వాళ్ళే ఇంటున్నరు. ఒక్కకాడ కూసొని ఇనేది పాయె. అందుకే మంచి మిషిన్ ఒకటి నా హాల్ల పెడ్త. భజనైనంక ఎవరికి నచ్చిన పాట వాళ్ళకు పెడ్త. గట్లనన్న వస్తరేమో సూద్దం."

"పాట ఎత్తుకునేది ఈయననే. శృతి సూసి, తాళం ఇచ్చేది గూడ ఈయననే. ఈయన లేకుంటే ఆ మంది అందరు తలా ఒక దిక్కు పోతరు" అంది ఆమె. చెప్పేటప్పుడు ఆమెకు గర్వం దాచుకోవడం చేత కాలేదు.

వినిపించే గదిలో మధ్య కుర్చీలో ఆయన్ను కూర్చోబెట్టి, మా దగ్గరున్న భజన రికార్డింగుల్లో బాగున్నది పెట్టాను. అందులో హార్మోనియం ఎడమ స్పీకర్లో, తాళాలు కుడి స్పీకర్లో వస్తాయి. కళ్ళు మూసుకుంటే మండలి ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఒక నిమిషం విన్నాడు. నొసలు ముడిచాడు.

"పెట్టె మంచిగ ఇనవడ్తాంది గని, తాళాలేవి తమ్మీ? తాళాలు లేని భజనేంది?"

పెట్టె అంటే హార్మోనియం. నేను వెళ్ళి ఆయన కుర్చీ పక్కన వంగి విన్నాను. తాళాలు గణగణమంటున్నాయి. వైరు చూశాను, బాగానే ఉంది. అప్పుడు, ఎందుకు తోచిందో, "పటేలా, జర లేవున్రి" అని కుర్చీ వెనక్కి తిప్పి, స్పీకర్లకు వీపు పెట్టి కూర్చోమన్నాను. మళ్ళీ అదే పాట పెట్టాను.

"అరె! ఇప్పుడు తాళాలు మస్తు వస్తున్నయి" అని ఆయన మురిసిపోయాడు. అంతలోనే, "గని పెట్టె గుంజుకపాయె" అన్నాడు.

పిల్లలూ, మీరు ఈ పనిలో ఉన్నవాళ్ళు. మీకు విడమరచి చెప్పక్కర్లేదు. తప్పు స్పీకరుదైతే, మనిషి తిరిగినా తాళాలు రాకూడదు. మనిషి తిరగగానే తాళాలు వచ్చి హార్మోనియం పోయిందంటే, తప్పు మనిషితోపాటు తిరిగింది. ఆయన కుడి చెవి వినడం లేదు. బంగారం లాంటి నా చెవికి అది ఆ క్షణంలోనే తెలిసింది.

ఇంకా సందేహం ఏమైనా ఉంటే ఆయన భార్య తీర్చేసింది. "మూడు దినాల సంది కుడి చెవుల గుయ్యిమంటాంది అంటున్నడు తమ్మీ. పొద్దుగాల లేసేసరికి గట్లయింది. తానం జేస్తుంటే నీళ్ళు పోయినట్టున్నయి. రేపు సుచిత్ర సర్కిల్ కాడ చెవుల డాక్టర్ దగ్గరికి పోదామనుకున్నం."

మూడు రోజులు. ఉన్నట్టుండి. పొద్దున లేచేసరికి. మా చెల్లె డబ్బా విప్పి చెప్పే కథలోని మాటలే అవి. నోరు తెరిచాను కూడా. "పటేలా, రేపు కాదు, ఇయ్యాలనే పోన్రి" అనాలి. ఎనిమిదేళ్ళ పిల్లవాడు కూడా అనగలిగిన మాట.

గది తలుపు దగ్గర మా యజమాని నిలబడి ఉన్నాడు. ఆయన నాకు ఏమీ సైగ చేయలేదు. ఆయన మీద నెట్టి తప్పించుకోను. ఆయన ఊరికే నిలబడ్డాడు, నేనే ఆయన ముఖంలో మూసేసిన షోరూమును చూసుకున్నాను. చెవి బాగా లేని మనిషి ఇంత ఖరీదైన సామాను కొనడు, చెవి బాగయ్యాక వస్తానంటాడు, అలా అన్నవాడు మళ్ళీ రాడు. ఇవన్నీ ఒక్క క్షణంలో లెక్క కట్టేశాను. నా చెయ్యి వెళ్ళి బ్యాలెన్స్ నాబ్ పట్టుకుంది. ఎడమ తగ్గించి కుడి పెంచే మర అది. కుర్చీ మళ్ళీ ముందుకు తిప్పించి, నాబ్‌ను కొంచెం కుడికి జరిపాను.

"ఇప్పుడు సూడున్రి."

ఆయన ముఖం వికసించింది. "ఆఁ! ఇప్పుడు సక్కగున్నది. తాళాలు వచ్చినయి. ఏంది తమ్మీ, తప్పేడున్నది?"

"గా కుడి గోడకు పెద్ద తెర ఉన్నది గదా పటేలా. అది మోతను తాగేస్తాంది. గది తప్పు. మీ ఇంట్ల సెట్ చేసినప్పుడు సరి జేస్త."

మందపాటి గుడ్డ తెర ఉన్న మాట నిజం. తెర మోతను కొంత తాగే మాటా నిజమే. రెండు నిజాలు ఇటుకల్లా పేర్చి మధ్యలో అబద్ధాన్ని పెట్టి కట్టాను. అలా కట్టడానికి అనుభవం కావాలి. నాకుంది.

పటేలు తన భార్య వైపు తిరిగాడు. "ఇన్నవా? గది తప్పంట. నా చెవి మంచిగనే ఉన్నది. ఊకె పరేషాన్ జేస్తవు. ఇగ రేపు డాక్టరు లేదు, ఏం లేదు. శనివారం భజనకు పని సూసుకోవాలె."

ఆమె నా వైపు చూసింది. అనుమానంగా కాదు, అడుగుతున్నట్టు. "నిజమేనా తమ్మీ?" అని ఆ చూపు. తెలిసినవాణ్ణి అడిగినట్టు. నేను తల ఊపాను. బయానా ఆ రోజే ఇచ్చి వెళ్ళారు. సామాను గోదాము నుంచి రావడానికి మూడు వారాలు పడుతుందని యజమాని చెప్పాడు.

సాయంత్రం చాయ్ తాగుతూ మా చెల్లెకు ఈ సంగతి చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు కుంచించుకుపోతుంది, నేను దాన్ని గొప్పగా చెప్పాను. కుర్చీ తిప్పి ఎలా కనిపెట్టానో చూశావా అన్నట్టు. ఆవిడ చేతిలో సోల్డరింగ్ కడ్డీ ఉంది. దాన్ని స్టాండులో పెట్టింది.

"గాయినకు చెప్పినవా అన్నా?"

"ఎట్ల చెప్పుడు? కొనేటోనికి గట్ల చెప్తమా? ఇంటికి పోయినంక మెల్లగ చెప్త."

"మూడు వారాలా? మా ఆయన కత నీకు ఎరికలేదా? ఇప్పుడే ఫోన్ జెయ్యి. నెంబర్ బిల్లు మీద ఉన్నది."

"బేరం పోతది చెల్లె."

"పోనీ" అంది ఆవిడ. షోరూము పోతే అందరికంటే ముందు వీధిన పడేది ఆవిడే. భర్తకు సరిగ్గా పని లేదు. ఆ "పోనీ" అన్న మనిషికి నాకంటే ఎక్కువ పోయేది ఉంది.

ఫోను తీశాను. నెంబరు నొక్కాను కూడా. పచ్చ గుర్తు మీద వేలు పెట్టకుండా జేబులో వేసుకున్నాను. ఇంటికెళ్ళి చేద్దాం, రేపు చేద్దాం, నీళ్ళు పోయుంటాయి, అదే తగ్గిపోతుంది. మర్నాడు ఆవిడ రాగానే, "చేసినవా అన్నా?" అంది.

"చేసిన. డాక్టర్ దగ్గరికి పోతున్నరంట."

ఆవిడ ముఖం చూడాలి. ఆ మరుసటి రోజు నా కోసం సర్వపిండి చేసుకుని తెచ్చింది. "మంచి పని జేసినవన్నా, మా ఆయనకు చెప్తే ఆయన గూడ ఖుషైండు" అని డబ్బా నా ముందు పెట్టింది. నేను దాన్ని తిన్నాను. మొత్తం తిన్నాను. పల్లీలు ఎక్కువేసి చేసింది, బాగుంది అని కూడా అన్నాను. చాలా తప్పులు చేశాను జీవితంలో, కానీ ఆ సర్వపిండి ముక్క ఇప్పటికీ గొంతులోనే ఉంది.

సామాను వచ్చింది. ఒక శనివారం నాడు పటేలు ఇంటికి తీసుకెళ్ళి బిగించాను. ఆ వారం భజన వంతు ఆయనదే. అందుకే ఆ రోజే బిగించమన్నాడు. పొద్దున హాల్లో నిలబడి అలవాటుగా చప్పట్లు కొట్టాను. చక్కటి గది. ఒక్క గోడా మోతను తాగడం లేదు.

పటేలు మధ్యలో కూర్చున్నాడు. పాట పెట్టాను. "ఎడమ దిక్కే వస్తాంది" అన్నాడు. నాబ్ కుడికి తిప్పాను. "ఊఁహూఁ" అన్నాడు. ఇంకా తిప్పాను. చివరిదాకా తిప్పాను. అవతలికి జరగడానికి ఇంక చోటు లేదు. "సాయంత్రం సూద్దం లే" అన్నాడు.

సాయంత్రం నిజంగానే జనం వచ్చారు. కొత్త మిషను చూడ్డానికి ఆడవాళ్ళు, ఎప్పుడూ రాని కుర్రాళ్ళు, హాలు నిండిపోయింది. పటేలు కోరుకున్నది అదే. ముందు భజన. హార్మోనియం వాయించే ఆయన శృతి పట్టాడు. పటేలు పాట ఎత్తుకున్నాడు. రెండో చరణంలో ఆగిపోయాడు.

"పెట్టె శృతి తప్పింది" అన్నాడు.

హార్మోనియం ఆయన మెట్లు ఒకసారి చూసుకున్నాడు. "లేదు పటేలా, అట్లనే ఉన్నది."

"తప్పిందంటున్న గదా. రెండు శృతులు ఇనవడ్తున్నయి. ఒకటి పైకి, ఒకటి కిందికి."

మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి పాట హార్మోనియంతో కలవలేదు, తప్పింది పెట్టె కాదని హాల్లో అందరికీ తెలిసింది. కుర్రాళ్ళలో ఒకడు నవ్వబోయి ఆపుకున్నాడు. పక్కవాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. ఎన్నో ఏళ్ళుగా వాళ్ళందరికీ దారి చూపిన గొంతు అది. పటేలు తాళాలను ఒకసారి చేతిలో తిప్పి చూసుకుని, పక్కనున్న మనిషి ఒళ్ళో పెట్టాడు. "నువ్వు అందుకో" అన్నాడు. లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

నేను వంటింటి గుమ్మం దాకా వెళ్ళి ఆయన భార్యతో, "అక్కా, ఒకసారి చెవి డాక్టర్‌కు సూపిస్తే మంచిదేమో" అన్నాను. అప్పుడే తట్టినట్టు, ఎంతో మర్యాదగా.

"ఆనాడు పోదామనే అనుకున్నం గద తమ్మీ" అంది ఆమె. "నువ్వు గది తప్పన్నవు." కోపంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. కోపంగా అని ఉంటే ఏదో ఒకటి వాదించేవాణ్ణి.

సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్ళారట. చెడిన చెవికి శృతి కూడా మారి వినబడుతుందన్నాడట. మందులు రాశాడు, సూదులు వేశాడు. పెద్దగా ఫలితం లేదు. ఆలస్యమైందన్నాడు, ముందే వస్తే తిరిగి వచ్చేదేమో, రాకపోయేదేమో, చెప్పలేమన్నాడు. ఆ "రాకపోయేదేమో" అన్న మాట మీద నేను చాలా కాలం బతికాను. రాత్రి అన్నం ముందు కూర్చుంటే అదే చెప్పుకునేవాణ్ణి. వచ్చేదేమో అన్న మాట కూడా అందులోనే ఉందని తెలిసీ, దాన్ని పక్కకు తోసి తినేవాణ్ణి.

ఈ సంగతి షోరూములో తెలిసింది. మా చెల్లె బల్ల మీంచి తలెత్తి, "ఆనాడు ఫోన్ జేసిన అన్నవ్ గద?" అంది. నేను చేతిలో ఉన్న వైరు చుట్ట చుడుతూ కూర్చున్నాను. ఆవిడ కాసేపు నన్నే చూసింది. తర్వాత కడ్డీ తీసుకుని పనిలో పడింది. ఆ రోజు నుంచి నన్ను సార్ అని పిలిచింది. నేను రిటైరయ్యే రోజు దాకా సార్ అనే అంది. దండ వేసినప్పుడు కూడా.

తిట్టి ఉంటే బాగుండేదని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించేది. తిట్టించుకోవాలనుకోవడం కూడా ఒక రకం తప్పించుకోవడమేనని ఆవిడకు తెలుసు కాబోలు.

పటేలు సామాను వాపసు ఇస్తాడేమో అని యజమాని కొన్నాళ్ళు బెంగపడ్డాడు. ఇవ్వలేదు. నాలుగు నెలల తర్వాత పటేలు దగ్గర నుంచే ఫోను వచ్చింది. ఒక్క చెవితో వింటుంటే పాట సగమే వస్తోందట, కుడి స్పీకర్లో ఉన్నదంతా పోతోందట, ఏమైనా చేయగలవా అని. చేయవచ్చు. రెండు వైపులా వచ్చే మోతను కలిపి ఒకటిగా వినిపించే మీట ఆ యంత్రం మీదే ఉంది. మోనో అంటారు. ఫోనులోనే చెప్పేయవచ్చు. కానీ నేను వస్తానన్నాను. ఈసారి చెప్పేస్తాను అనుకున్నాను. దారి పొడవునా బస్సులో మాటలు పేర్చుకున్నాను.

మధ్యాహ్నం. ఇంట్లో వాళ్ళిద్దరే ఉన్నారు. శనివారం భజనకు ఇప్పుడు ఆయన చివర కూర్చుంటున్నాడట. మిషను మాత్రం రోజూ పెడుతున్నాడట, ఇద్దరో ముగ్గురో వచ్చి వింటున్నారట. ఆ మాట ఆయన సంతోషంగానే చెప్పాడు. మీట నొక్కాను. పాట ఎడమ స్పీకరులోంచి నిండుగా వచ్చింది. ఆయన తల ఊపుతూ విన్నాడు. "తాళాలు వచ్చినయి తమ్మీ" అన్నాడు. పాట అయిపోయాక నేను సోఫాలో ఆయన పక్కన కూర్చున్నాను.

చెప్పాను. "పటేలా, ఆనాడే నాకు ఎరికైంది. చెవి అని ఎరికైంది. బేరం పోతదని గోడ మీద చెప్పిన. మిమ్ముల డాక్టర్ కాడికి పోకుంట జేసింది నేనే." మొత్తం చెప్పాను, ఒక్క మాట మింగలేదు. చివరికి వచ్చేసరికి ఛాతీ మీద బరువు దిగినట్టు కూడా అనిపించింది.

ఆయన ఎదురుగా ఉన్న స్పీకర్లనే చూస్తున్నాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. తర్వాత నేనేదో అన్నట్టు గమనించి, మెల్లగా మొత్తం ఒళ్ళు నా వైపు తిప్పాడు.

"ఏమన్నవ్ తమ్మీ?"

నేను ఆయన కుడి పక్కన కూర్చున్నాను.

ఎడమ పక్క సోఫా ఖాళీగానే ఉంది. పిల్లలూ, మీతో ఇంతవరకూ దాపరికం లేకుండా చెప్పాను, ఇదీ చెప్పేస్తాను. అది పొరపాటున జరగలేదు. ఏ పక్క కూర్చుంటే వినబడుతుందో, ఏ పక్క వినబడదో నాకంటే బాగా తెలిసినవాడు ఆ ఇంట్లో లేడు.

గుమ్మంలో ఆయన భార్య నిలబడి ఉంది, రెండు చేతుల్లో చాయ్ కప్పులతో. ఎప్పటి నుంచి ఉందో తెలియదు. ఆమె ముఖం చూస్తే మొదటి మాట నుంచీ విన్నదని తెలిసింది. వచ్చి కప్పులు బల్ల మీద పెట్టింది. నన్ను సూటిగా చూసి, మామూలు గొంతుతో అంది.

"గా దిక్కు ఆయనకు ఇనవడదు తమ్మీ. ఈ దిక్కు వచ్చి కూసో. కూసొని చెప్పు."

నేను లేచాను. ఆయన ముందు నుంచి నడిచి ఎడమ పక్కకు వెళ్ళి కూర్చున్నాను. పటేలు తన మంచి చెవిని నా వైపు వంచాడు, శ్రద్ధగా, పాట వినేటప్పుడు ఎలా వంచుతాడో అలా. ఆమె కూర్చోలేదు. పక్కనే నిలబడి ఉంది.

"సెట్టింగ్ అంత అయిపోయింది పటేలా" అన్నాను.

"మంచిది తమ్మీ" అన్నాడు ఆయన, నా భుజం తట్టి. ఆమె నా ముందున్న కప్పు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.